మా బావగారు మఖానా మెషిన్ కొన్న వైనం

మండపేట శివార్లలో మాకొక మరమరాల మిల్లు ఉంది. దాన్ని మిల్లు అనడం మా ఆయన గొప్ప. నిజానికి అదొక రేకుల షెడ్డు. అందులో రెండు ఊక పొయ్యిలు, వేడి ఇసకలో బియ్యం తిప్పే ఇనప డ్రమ్ము, పెద్ద జల్లెడ, అంతే. మా ఆయన ధాన్యం లారీల వెంట తిరుగుతారు కాబట్టి ఇరవై ఏళ్ళకు పైగా ఆ షెడ్డు నేనే చూసుకుంటున్నాను. నేను చూసుకుంటున్నాను అనడం కూడా గొప్పే. పొయ్యి దగ్గర నిలబడేది ఒకావిడ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మా అంటుంది. ఇసక ఎంత కాగిందో ఆమె చేత్తో చూడదు, కంటితో చూడదు. డ్రమ్ములో గింజ చేసే చప్పుడు విని చెబుతుంది. "ఇప్పుడు తీయండి" అంటే తీయాలి. ఒక నిమిషం ఆలస్యమైతే మరమరాలు చేదెక్కుతాయి.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, భీమవరం దగ్గర ఉంటారు. వరి చేలు తవ్వి చెరువులు చేసినవాళ్ళలో ఆయన ముందున్నారు. మొదట చేపలన్నారు, తర్వాత రొయ్యలన్నారు, మధ్యలో ఒక ఏడాది పీతలన్నారు. ఏ కొత్త పని మొదలుపెట్టినా మొదటి ఏడాది దాని మీద ఉపన్యాసం ఇస్తారు. రెండో ఏడాది దాని ఊసెత్తితే కాఫీ తాగుతావా అని మాట మారుస్తారు. చుట్టాలందరికీ ఈ సంగతి తెలుసు. ఆయనకు తప్ప.

ఒకరోజు పొద్దున్నే ఆయన కారు మా షెడ్డు ముందు ఆగింది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా. అందులో తెల్లగా, ఉబ్బుగా, విచ్చిన పత్తికాయల్లాంటివి ఉన్నాయి.

"ఇవేంటో తెలుసా అమ్మాయ్?" అన్నారు.

"మఖానా కదండీ బావగారూ. సూపర్ మార్కెట్‌లో చూశాను."

"తామర గింజలు. మన చెరువుల్లోనే పండించాను."

"తామర గింజలు కాదటండీ. వేరే మొక్కట. ఆకుల నిండా ముళ్ళుంటాయట" అన్నాను. ఫోన్‌లో ఎప్పుడో చూసిన సంగతి అది. ఒక పంట పూర్తిగా పండించిన మనిషికి ఆ పంట పేరు నేను చెప్పవలసి వచ్చింది. ఆయన చెరువు గట్టు మీద కారు దిగితే కదా ఆకుకు ముళ్ళున్నాయో లేవో తెలిసేది. నీళ్ళలో దిగి, అడుగు బురదలో చేతులు పెట్టి గింజలు ఏరినవాళ్ళకు మాత్రం చెప్పనవసరం లేదు. వాళ్ళ మోచేతుల దాకా గీతలున్నాయని తర్వాత నేనే చూశాను.

"పేరు ఏదైతేనేంలే. పచ్చి గింజలు అమ్మితే లాభం లేదు. పేల్చి అమ్మాలి. మెషిన్ కొంటున్నాను. నీ షెడ్డులో సగం ఖాళీయే కదా, అక్కడ పెడదాం" అన్నారు.

నా అభిప్రాయం అడగడానికి రాలేదు, షెడ్డు అడగడానికి వచ్చారు. అది కూడా అడగలేదు. పెడదాం అన్నారు. మా ఆయన అన్నగారి ముందు నోరు విప్పే రకం కాదు. తల ఊపారు.

మర్నాడు ఒక గోనె సంచి గింజలు పంపించారు, ఎలా ఉన్నాయో చూడమని. నల్లగా, గుండ్రంగా, అచ్చం కుంకుడు గింజల్లా ఉన్నాయి. అక్క దోసిట్లోకి తీసుకుని చెవి దగ్గర ఆడించింది.

"ఇంత పెంకు పగలాలంటే మామూలు వేడి చాలదమ్మా" అంది.

మేమిద్దరం ఆ మధ్యాహ్నం ఒక ఇనప మూకుడులో నాలుగు గుప్పెళ్ళు వేయించాం. వేడి మీదే చెక్క మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టాం. పెంకు చితికింది, లోపలి పప్పు నుగ్గయింది. ఒక్కటీ పేలలేదు. విసుగొచ్చి మిగిలిన గింజల్ని గంపలో పోసి, గోనె కప్పి, పొయ్యి పక్కన వదిలేశాం. మూడో రోజు ఆ గంప అడ్డమొస్తే పారబోద్దామని తీసిన అక్క, ఏమనుకుందో, వాటిని మళ్ళీ మూకుడులో పోసింది. ఈసారి బాగా కాగనిచ్చి, ఒక్కొక్కటే తీసి సుత్తితో కొట్టింది. టప్పున శబ్దం వచ్చి తెల్లటి పువ్వు ఎగిరి పడింది. ఇంకోటి, ఇంకోటి. పదికి ఎనిమిది పేలాయి.

"ఒకసారి వేగాక మగ్గాలమ్మా. రెండు మూడు రోజులు కప్పెట్టి ఉంచితే లోపల పప్పు పెంకును వదులుతుంది. అప్పుడు రెండోసారి వేడి తగిలితే పేలుతుంది. మరమరాల బియ్యం కూడా ఉప్పు పట్టించి ఉంచుతాం కదా, అలాంటిదే" అంది అక్క.

నేను పువ్వులు ఏరి ఉప్పు, మిరియాల పొడి వేసి తిన్నాను. ఉప్పు, మిరియాల రుచే ఉంది. దీనికోసమా ఊళ్ళన్నీ వెర్రెత్తుతున్నాయి అనుకున్నాను.

ఆ సాయంత్రమే బావగారికి ఫోన్ చేసి సంగతి చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెయ్యలేదు. ఆయన అడగలేదు కదా, నేనెందుకు చెప్పాలి అనుకున్నాను.

వారం తర్వాత రాజమండ్రి బయట, హైవే పక్కన ఒక కంపెనీ షోరూమ్‌కి వెళ్ళాం. బావగారు, నేను, నా వెంట అక్క. అక్కను ఎందుకు తీసుకొచ్చావని ఆయన కారులో రెండుసార్లు అడిగారు. "పొయ్యి దగ్గర ఉండేది ఆమే కదండీ" అన్నాను. మెషిన్ కొనేటప్పుడు మెషిన్ నడిపే మనిషి ఎదురుగా ఉండడం ఆయనకు వింతగా తోచింది.

షోరూమ్ లోపల ఏసీ, అద్దాల గోడలు. మెడలో కార్డు వేలాడేసుకున్న కంపెనీ ఆయన మాకు కూల్‌డ్రింకులు ఇచ్చాడు. అక్కకు ఇవ్వలేదు. నాది ఆమెకిచ్చాను. మూడు మెషిన్లు వరసగా పెట్టారు. చిన్నదానికి గింజలు మనమే వేయించి పొయ్యాలి, అది కొట్టి పేలుస్తుంది, అంతే. నడిమిదానికి వేయించే డ్రమ్ము ఉంది, మంట మనం చూసుకోవాలి. పెద్దది మాత్రం గది అంత ఉంది. ఒకవైపు గింజలు పోస్తే లోపల అవే వేగి, గిర్రున తిరిగే చక్రం వాటిని ఇనప పలక మీదకు విసిరి, పెంకు వేరుగా పువ్వు వేరుగా బయటకు తోస్తుందట. దానికి టచ్ స్క్రీన్ ఉంది. ముట్టుకుంటే హిందీలో మాట్లాడుతుంది. మా షెడ్డులో హిందీ వచ్చినవాళ్ళు ఎవరూ లేరని కంపెనీ ఆయనకు చెబితే, "అప్‌డేట్‌లో తెలుగు కూడా వస్తుంది మేడమ్" అన్నాడు.

బావగారు స్టీలు రేకు మీద చెయ్యి వేసి నిమిరారు. కొత్త కోడెను బేరమాడేటప్పుడు వీపు నిమిరినట్టు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తున్నాయి. గంటకు ఎన్ని కేజీలు అని అడగలేదు. కరెంటు పోతే డ్రమ్ములో గింజ ఏమవుతుందని అడగలేదు. పలక అరిగితే ఎక్కడ దొరుకుతుందని అడగలేదు.

"భీమవరం వైపు ఇంకెవరైనా కొన్నారాండీ?" అని అడిగారు.

"ఇంకా లేదు సార్. మీదే ఫస్ట్ అవుతుంది."

అంతే, బేరం అయిపోయింది. మిగిలిందంతా లాంఛనం.

డెమో చూపించారు. కంపెనీ ఆయన ఒక డబ్బాలోంచి గింజలు పోశాడు. మెషిన్ ఊగింది, మోత పెట్టింది, అవతలి మూతిలోంచి తెల్లటి పువ్వులు జలజలా రాలాయి. బావగారు చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం డబ్బా అడుగున మిగిలిన గింజలు రెండు తీసి వాసన చూసింది. నా చెవి దగ్గరకు వచ్చి, "ఇవి ఇదివరకే ఒకసారి వేగినవమ్మా. పెంకు మీద నిగనిగ లేదు చూడండి. మగ్గబెట్టి తెచ్చారు" అంది.

నేను వెంట తెచ్చుకున్న సంచిలోంచి మా వేయించని గింజలు తీశాను. "ఏవండీ, ఒకసారి ఇవి పోసి చూపిస్తారా?" అన్నాను.

"మేడమ్, మెషిన్ కూలింగ్‌లోకి వెళ్ళిపోయిందండి. మళ్ళీ హీట్ ఎక్కాలంటే చాలా టైమ్ పడుతుంది."

"ఫర్వాలేదు, కూర్చుంటాం."

బావగారి ముఖం ఎర్రబడింది. "వాళ్ళను అనుమానించినట్టుంటుంది అమ్మాయ్. ఇంత పెద్ద కంపెనీ మోసం చేస్తుందా?" అని నా మీద చిరాకుపడి, కంపెనీ ఆయన వైపు తిరిగి, "మా మరదలు మరమరాల మిల్లు నడుపుతుందిలెండి. ప్రతిదీ గుప్పెడు పోసి చూడాలంటుంది" అని నవ్వారు. అతనూ నవ్వాడు. నేను గింజలు సంచిలో వేసి మూతి కట్టేశాను.

తిరిగి వచ్చేటప్పుడు, మా మరమరాల డ్రమ్ము చేసిచ్చిన లేత్ వర్క్‌షాపు ఆయన దగ్గర ఒకసారి ఆగుదామని పట్టుబట్టాను. ఆయన కూడా అలాంటిదొకటి చేస్తున్నాడని విన్నాను. బావగారు లోపలికి వచ్చి, గ్రీజు మరకలున్న స్టూలు వైపు చూసి, నిలబడే ఉన్నారు. వర్క్‌షాపు ఆయన మెషిన్ చూడడానికి అసహ్యంగానే ఉంది. పాత మోటారు, రంగు వెయ్యని రేకులు. మా సంచిలో గింజలు పోస్తే సగం కూడా పేలలేదు.

"పేలలేదేంటండీ?" అన్నారు బావగారు.

"ఎందుకు పేలలేదో నాకూ పూర్తిగా తెలీదండి. కొన్నిసార్లు బాగా పేలుతున్నాయి, కొన్నిసార్లు లేదు. గింజలోనే ఏదో ఉంది. ముందు అది తెలుసుకుని తర్వాత మెషిన్ కొనుక్కోండి. నా దగ్గరే కొనక్కర్లేదు" అన్నాడాయన.

తనకు తెలియనిది తెలియదని చెప్పిన మనిషిని ఆ రోజంతా అక్కడే చూశాను. బావగారికి అదే నచ్చలేదు. "తెలీదని వాడే అంటున్నాడు, వాడి దగ్గర కొనమంటావేంటి?" అన్నారు కారెక్కుతూ. అక్క నా వైపు చూసింది. చెప్పండి అన్నట్టు. నేను కిటికీలోంచి ధవళేశ్వరం వైపు పోతున్న లారీలు లెక్కపెట్టాను.

పెద్ద మెషినే వచ్చింది. దాన్ని లోపలికి తేవడానికి మా షెడ్డు గోడ ఒకటి పడగొట్టారు. ప్రారంభానికి భీమవరం నుంచి రెండు కార్లలో చుట్టాలు వచ్చారు. పంతులుగారు మెషిన్‌కు బొట్లు పెట్టి నిమ్మకాయలు కట్టారు. టచ్ స్క్రీన్ మీద కూడా పసుపు రాస్తే అది హిందీలో ఏదో అరిచింది. కంపెనీ ఆయన పరుగున వచ్చి తుడిచాడు. ఆత్రేయపురం పూతరేకులు పంచారు. బావగారు పట్టు కండువా సవరించుకుని, మన డెల్టా రైతుకు ఇది ఎలాంటి మలుపో పది నిమిషాలు చెప్పారు. మొదటి ఏడాది ఉపన్యాసం కాబట్టి బాగానే ఉంది.

నాలుగు సంచుల గింజలు విప్పారు. చెరువు నుంచి వచ్చి, ఎండి, నేరుగా మా షెడ్డుకు వచ్చిన గింజలు. ఒకసారి కూడా వేగనివి. అక్క ముందుకు వచ్చింది.

"బాబుగారూ, ఇవి మగ్గలేదండి. ముందొకసారి వేయించి మూడు రోజులు కప్పెట్టాలండి. ఇయ్యాళ పొయ్యకండి" అంది అందరి ముందూ.

బావగారు ఆమె వైపు చూడలేదు, నా వైపు చూశారు. "ఏంటమ్మా ఇది? నువ్వు చెప్పించావా?" అన్నారు.

నేను అప్పుడు అనవలసిన మాట ఒకటే. అవునండీ, మేం పేల్చి చూశాం, ఆమె చెప్పింది నిజం. అంతే. కానీ షోరూమ్‌లో ఆయన నవ్విన నవ్వు నాకు గుర్తుకొచ్చింది. ఈ పట్టు కండువా, ఈ రెండు కార్ల చుట్టాలు, వీళ్ళ ముందే ఈయనకు తెలిసిరావాలి అనిపించింది. "లేదండీ" అన్నాను.

"చూశావా, మీ అమ్మగారే ఏం అనడం లేదు. నీకెందుకు? వెళ్ళి అవతల గంప పట్టుకో" అన్నారాయన అక్కతో.

ఆమె నా ముఖం ఒకసారి చూసి, గంప తీసుకుని మెషిన్ మూతి దగ్గర కూర్చుంది.

మెషిన్ మొదలైంది. కాసేపు మోత తప్ప ఏమీ రాలేదు. తర్వాత రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడు. మూతిలోంచి నల్లటి గింజలు నల్లగానే వచ్చాయి. కొన్ని మాడాయి, కొన్ని చితికాయి. తెల్లటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పంతులుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. కంపెనీ ఆయన స్క్రీన్ మీద వేలితో ఏదేదో నొక్కాడు. చక్రం ఇంకా వేగం అందుకుంది. గింజలు తుపాకీ గుళ్ళలా ఎగరసాగాయి. చుట్టాలు కుర్చీలు వదిలి బయటకు నడిచారు. అప్పుడే అక్క "అమ్మా" అని చెంప పట్టుకుని పక్కకు వాలింది. కాలిన గింజ ఒకటి కంటి కింద తగిలింది.

మెయిన్ స్విచ్ నేనే కట్టేశాను. ఆటోలో ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కంటికి ఏమీ కాలేదని, చెంప మీద మాత్రం బొబ్బ అని డాక్టర్ చెప్పారు. మందు రాసి గాజుగుడ్డ అంటించారు. వరండా బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. "ఆయనకు ఎవరు చెప్పినా వినరు కదక్కా" అన్నాను.

"ఆయన సంగతి నాకెందుకమ్మా. ఆయన వినకపోవడం మామూలే. మీరు విన్నారు, విని ఊరుకున్నారు" అంది.

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే జవాబు చెప్పేదాన్నేమో.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి కార్లు లేవు. బావగారు ఒక్కరే ఉన్నారు. ఆయన ఆ గంటలో కారణాలు అన్నీ వెతికి పెట్టుకున్నారు. కరెంటు సరిగ్గా లేదట. గోదావరి గాలిలో తేమ ఎక్కువట. మెషిన్ మూతి నైరుతికి తిరిగి ఉందట. కంపెనీ ఆయన మాత్రం, "గింజ కండిషనింగ్ కాలేదు సార్, మాన్యువల్‌లో రాసే ఉంది" అని చెప్పి వెళ్ళాడట. కండిషనింగ్ అంటే మగ్గబెట్టడమే. కొనేదాకా నోట్లోంచి రాని మాట అది.

"బావగారూ, మీరు మెషిన్ కొనకముందే నాకు తెలుసండి" అన్నాను. మూకుడు, గంప, మూడు రోజుల సంగతి అంతా చెప్పాను. ఆయన నోరు తెరిచి విన్నారు. నన్ను తిడతారనుకున్నాను. ఆ రోజు తిడితే బాగుండేదేమో. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అన్నారు. ఆయన్ని అన్నేళ్ళు లోలోపల ఎగతాళి చేసుకున్నాను, ఆ కాసేపట్లో మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ తెలివితక్కువవాళ్ళో తేల్చుకోలేకపోయాను. ఆయనది గొప్ప. నాది కసి. దెబ్బ తగిలింది మూడో మనిషికి.

నేను ఆయన మీద జాలిపడింది ఆ ఒక్క సాయంత్రమే. గింజలు వేయించి మగ్గబెట్టి పోశాక మెషిన్ నడిచింది. పూర్తిగా కాదు. కంపెనీ పలక ఆర్నెల్లు తిరక్కుండా అరిగిపోతే, తెలీదన్న వర్క్‌షాపు ఆయనే వేరే పలక చేసి బిగించాడు, మూతికి అడ్డంగా ఇనప జల్లెడ కట్టాడు. ఆ తర్వాత పువ్వులు బాగా రావడం మొదలైంది. వెంటనే బావగారు, తాను మొదటి చూపులోనే సరైన మెషిన్ పట్టుకున్నానని పెళ్ళిళ్ళలో చెప్పడం మొదలుపెట్టారు. మగ్గబెట్టడం కూడా తన ఆలోచనే అయిపోయింది. ఈ మధ్య ఆయన చూపు డ్రాగన్ ఫ్రూట్ మీదకు మళ్ళింది. మఖానా ఎలా ఉందండీ అని ఎవరైనా అడిగితే, కాఫీ తాగుతారా అంటున్నారట.

ఆ దెబ్బ తగిలాక అక్క వారం రోజులు పనికి రాలేదు. ఎనిమిదో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. చెంప మీద బొబ్బ ఆరి, రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది.

"తప్పయిపోయిందక్కా" అన్నాను.

ఆమె చెరగడం ఆపలేదు. రాళ్ళు ఏరి పక్కన పడేస్తూ, "వస్తాను. కానీ ఆ మెషిన్ దగ్గర నేను వద్దంటే వద్దు. ఎవరొచ్చి నిలబడినా సరే. ఆ మాట మీరే చెప్పాలి, నా చేత చెప్పించకూడదు" అంది.

"చెబుతాను" అన్నాను.

"లోపలికి రండి, ఎండలో నిలబడ్డారు" అంది. ఆ తర్వాత ఆమె కూతురి సంగతి, ఈ ఏడు మినుముకు పట్టిన తెగులు సంగతి మాట్లాడుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చి మొదట మరమరాల పొయ్యి ముట్టించింది.